ఎదురుగాలిలో నలభై కిలోమీటర్లు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. లెక్కలు, మెడికల్ బిల్లుల సంగతులు నాకంటె బాగా చెప్పగలవారు ఈ హాలులో చాలామంది ఉన్నారు. అంచేత కార్యదర్శిగారు నన్ను సైకిల్ పందెం గురించి మాట్లాడమన్నారు. నేను సైకిలు తొక్కి జీతం తీసుకున్నవాణ్ణి. టెలిగ్రాఫ్ మెసెంజర్‌గా ఉద్యోగంలో చేరాను. ఇక్కడున్న పిల్లలకు టెలిగ్రాం అంటే ఏమిటో చూసే అవకాశం లేదు. 2013 జూలైలో ఆ సర్వీసు దేశమంతటా ఆగిపోయింది. ఆ రోజుల్లో మా చేతిలో ఉండే కాగితంలో చావు కబురుండేది, ఉద్యోగం ఆర్డరుండేది, ఒక్కోసారి ‘స్టార్ట్ ఇమీడియట్లీ’ అన్న రెండు మాటలే ఉండేవి. బస్సు తప్పితే ఆఖరి చూపు దక్కదని తెలిసినవాడు నెమ్మదిగా తొక్కలేడు. రోజుకు ముప్ఫై, నలభై కిలోమీటర్లు అలా తిరిగేవాళ్లం. మా సాధన అదే. కోచ్ లేడు, గుడ్లూ పాలూ లేవు.

ప్రపంచంలో ఈ పోటీలకు మంచి చరిత్రే ఉంది. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే 87 కిలోమీటర్ల రోడ్డు పందెం పెట్టారు. ఏథెన్స్ నుంచి మారథాన్ వెళ్లి తిరిగి రావాలి. ఫ్రాన్స్ దేశం చుట్టూ తిరిగే టూర్ డి ఫ్రాన్స్‌ను 1903లో ఒక పత్రికవారు తమ అమ్మకాలు పెంచుకోడానికి మొదలుపెట్టారు. డబ్బు తీసుకుని తొక్కేవాళ్లను 1996 దాకా ఒలింపిక్ సైక్లింగ్‌లోకి రానివ్వలేదు. ఆ లెక్కన టెలిగ్రాములు పంచి జీతం తీసుకునే నేను అమెచ్యూర్‌నో ప్రొఫెషనల్‌నో తేల్చేవాళ్లు ఏలూరులో ఎవరూ లేకపోయారు.

ఇక మా పందెం సంగతి. 1979 జనవరి 26న రిపబ్లిక్ దినోత్సవం సందర్భంగా స్థానిక యువకులు కొందరు ఏర్పాటు చేశారు. ఏలూరు నుంచి జాతీయ రహదారి మీద హనుమాన్ జంక్షన్‌కు వెళ్లి, అక్కడి ఆంజనేయస్వామి గుడి దగ్గర తిరిగి రావాలి. పోనూ రానూ దాదాపు నలభై కిలోమీటర్లు. గేర్లున్న సైకిళ్లు పనికిరావు. క్యారియరూ మడ్‌గార్డులూ విప్పుకోవచ్చు. మలుపు దగ్గర కూర్చున్న మాస్టారు ఒకాయన ప్రతివాడి చేతికీ ఎర్ర రిబ్బను కట్టేవారు. అది లేకుండా వచ్చినవాడు మధ్యలోనే తిరిగినట్టు లెక్క. ఒక రైసు మిల్లు యజమాని మొదటి బహుమతిగా కొత్త సైకిలు ఇస్తానన్నారు. రెండోది గోడ గడియారం.

ఆ కొత్త సైకిలు నాకు కావాలి. నా సైకిలు డిపార్ట్‌మెంటు అడ్వాన్సుతో కొన్నది, వాయిదాలు ఇంకా జీతంలో కోస్తూనే ఉన్నారు. మా తమ్ముడు కాలేజీకి రానూపోనూ పది కిలోమీటర్లు నడుస్తున్నాడు. వాడికి సైకిలు కొనే స్తోమతు మా ఇంట్లో లేదు. అంచేత నెల రోజుల ముందే షాపులో ఓవరాయిలింగు చేయించాను. అది ఓవర్‌హాలింగ్ అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది గాని, నూనె పెట్టే పనికి ఓవరాయిలింగు అనటమే బాగుందని ఇప్పటికీ నా అభిప్రాయం. బాల్ బేరింగులు మార్పించి, కాటర్ పిన్నులు బిగించి, డైనమో విప్పేశాను.

ఒక చిన్న లెక్క చెబుతాను, విసుక్కోకండి. మన మామూలు సైకిలుకు ముందు పళ్లచక్రం 44 పళ్లు, వెనక ఫ్రీవీల్ 18 పళ్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఇరవై కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఇరవై అయిదు కావాలంటే 76 చుట్లు తొక్కాలి. గేర్లు లేవు కాబట్టి వేరే దారి లేదు, కాళ్లే తిరగాలి. పైగా ఆ బండి ఇరవై కిలోలకు తక్కువ ఉండదు. ఈనాటి అంతర్జాతీయ పోటీల్లో సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది, అంత తేలికవి తయారు చేస్తున్నారు.

ముప్ఫైమందిమి బయల్దేరాం. ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు. ఒకాయన మాత్రం నలభై దాటిన పాల వ్యాపారి. రోజూ పల్లెనుంచి రెండు పెద్ద పాల క్యాన్లు కట్టుకుని ఊళ్లోకి వచ్చేవాడు. పంచె ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. కుర్రాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. క్యాన్లు నిండుగా ఉన్నప్పుడు వంతెన ఎక్కటం చూశాను ఆయన్ని. క్యాన్లు లేకుండా ఎలా తొక్కుతాడో ఊహించుకున్నాను.

వెళ్లేటప్పుడు అందరూ వీరులే. జనవరిలో పొద్దుటిపూట ఈశాన్యం గాలి, హనుమాన్ జంక్షన్ వైపు పోతుంటే వెనకనుంచి తోస్తుంది. కుర్రాళ్లు రెచ్చిపోయి తొక్కారు. రిబ్బను కట్టించుకుని బండి తిప్పాక అదే గాలి ఎదురయింది. చల్లగాలి కదా అనుకోకండి. గాలి నిరోధం గాలి వేగానికి వర్గంగా పెరుగుతుంది, వేగం రెట్టింపయితే నిరోధం నాలుగింతలు. మనం ఇరవైలో పోతూ పదిమీద గాలి ఎదురొస్తే, ముప్ఫైలో పోయినంత దెబ్బ ఒంటికి తగులుతుంది. కిలోమీటరుకొకడు జారిపోయాడు. కలపర్రు వచ్చేసరికి ముందు ముగ్గురమే మిగిలాం. పాలాయన, నేను, తేలిక సైకిలున్న ఒక విద్యార్థి.

ముందువాడి చక్రానికి జానెడు దూరంలో వెనకాల తొక్కితే శ్రమలో దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. ఈ సంగతి మాకు పుస్తకాలు చెప్పలేదు, ఒళ్లే చెప్పింది. పాలాయన కాసేపు ముందుండి, చెయ్యి ఊపి పక్కకు తప్పుకునేవాడు. అప్పుడు నేను ముందుకు వెళ్లేవాణ్ణి. మాటలు లేకుండానే కుదిరిన ఒప్పందం అది. విద్యార్థి మాత్రం ఒక్కసారీ ముందుకు రాలేదు, మా వెనకాలే దాక్కుని తొక్కాడు. అది మోసమని అప్పట్లో చాలామంది అన్నారు. నేను అనను. నిబంధనల్లో ఎక్కడా కాదనలేదు, పెద్ద పందేల్లో ఇప్పటికీ అందరూ చేసే పనే. కాని అలా చేసినవాడికి ఆ తర్వాత సాయం చెయ్యడానికి ఎవరూ ఉండరు.

ఏలూరు ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా పాలాయన చైను ఊడింది. సాగిపోయిన పాత చైను అది. ఆయన బండి ఆపాడు. విద్యార్థి ఒక్కసారి వెనక్కి చూసి, సీటుమీంచి లేచి తొక్కటం మొదలుపెట్టాడు.

నేనూ పోవచ్చు. సైకిలు కావలసినవాణ్ణి కదా. కాని ఆగాను. దీన్ని త్యాగమని దయచేసి ఎవరూ చప్పట్లు కొట్టకండి. ఎదురుగాలిలో ఒక్కణ్ణే వెళితే ఆ కుర్రాడు మళ్లీ నా చక్రం వెనక చేరి, ఆఖరి ఫర్లాంగులో దాటేస్తాడు. ఇద్దరం కలిస్తే వాణ్ణి వదిలించుకోవచ్చు. ఆ లెక్క సగం. మిగతా సగం, అరగంటనుంచి నా గాలి సగం తాను మింగిన మనిషిని రోడ్డుమీద వదిలి పోవటానికి కాళ్లు రాలేదు. ఏది ఎంత పాలో ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేదు.

నేను వెనక చక్రం ఎత్తి పట్టుకున్నాను. ఆయన చైను పళ్లకు తగిలించి పెడల్ వెనక్కి తిప్పాడు. నిమిషం పట్టింది. అప్పటికి కుర్రాడు మూడు వందల మీటర్లు ముందున్నాడు. “పద తమ్ముడూ” అన్నాడు పాలాయన. ఒంటరిగా తొక్కే కుర్రాడికి గాలి మొత్తం తగులుతోంది. మేం వంతులేసుకుని వాడికంటె గంటకు రెండు కిలోమీటర్లు ఎక్కువ తీయగలిగాం. రెండు కిలోమీటర్ల తేడా అంటే ఏమీ కాదనిపిస్తుంది. మూడు వందల మీటర్లు పూడ్చటానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఏలూరు ఇళ్లు కనిపిస్తున్నచోట పట్టుకున్నాం. వాడు మా వెనకాల చేరటానికి ప్రయత్నించాడు గాని కాళ్లలో ఇంక ఏమీ మిగల్లేదు.

తర్వాత మేమిద్దరమే మిగిలాం. ఒప్పందం అక్కడితో సరి. గీత రెండు వందల మీటర్లుందనగా నేను లేచాను. ఆయనా లేచాడు. రెండు సైకిళ్ల పొడుగు తేడాతో ఆయనే గెలిచాడు. పాల క్యాన్లు మోసిన కాళ్లవి.

గడియారం చంకలో పెట్టుకుని ఇంటికి పోతే మా తమ్ముడు ఏమీ అనలేదు. టైము చూసి కాలేజీకి బయల్దేరవచ్చులే అన్నాడు మా నాన్న. వారం తర్వాత పాలాయన టెలిగ్రాఫ్ ఆఫీసుకు వచ్చాడు. కొత్త సైకిలు వచ్చింది గనక పాతది అమ్ముతాను, అరవై రూపాయలు ఇవ్వమన్నాడు. ఆ చైనుకా అన్నాను. యాభైకి కుదిరింది, నెలకు పది చొప్పున. చైనూ ఫ్రీవీలూ మార్పించాక మా తమ్ముడు దానిమీదే డిగ్రీ పూర్తి చేశాడు. ఆయన అయిదో పది తీసుకోకుండా టీ తాగించమన్నాడు.

ఇప్పుడు మన వయసు సంగతి. ఈ వయసులో పందెం ఎందుకు అంటారు. అక్కర్లేదు. బ్రెవే అనే దూరపు సవారీలున్నాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేస్తే చాలు, మొదట వచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ర్యాంకులుండవు. మనకు అదీ ఎక్కువే, పది కిలోమీటర్లతో మొదలుపెట్టవచ్చు. హైదరాబాదులో పిల్లల దగ్గరున్నవారికి 2023లో బయటి రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు తెరిచారు, లారీల భయం లేదు. గుండె జబ్బూ బి.పీ. ఉన్నవాళ్లు డాక్టరుగారిని అడిగి ఎక్కండి. ఇంకొక మాట, సైకిలు మోకాళ్లమీద బరువు పడనివ్వదు గాని అందుకే ఎముకలకు బలమూ ఇవ్వదు. కాబట్టి నడక మానకండి.

మోకాళ్ల నొప్పి అని సైకిలు మానేసినవాళ్లలో చాలామంది సీటు బాగా దించుకుని తొక్కినవాళ్లే. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దానిమీద పెడితే కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెట్టి తొక్కాలి. పడిపోతామన్న భయంతో సీటు దించుకుంటాం, ఆ భయం న్యాయమైనదే. వారం వారం అరంగుళం చొప్పున ఎత్తుకుంటూ పోవచ్చు.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్న ఆరు గంటలకు మన సంఘ భవనం ముందు కలుద్దాం. ఆరుగురు పేర్లిచ్చారు, అందులో ఇద్దరు అమ్మగార్లు. పంపూ స్పానర్లూ నేను తెస్తాను. సీటు ఎత్తు అక్కడే చూసి బిగిద్దాం. సెలవు.