శ్రీహరికోట ప్రయాణము



శ్రీహరికోటలో రాత్రివేళ రాకెట్టు లేచునప్పుడు, ఆకాశము నిర్మలముగా నున్నచో, మా గూడూరి మేడలమీద నిలిచినవారికిని ఆగ్నేయదిక్కున నొక యెఱ్ఱని వెలుగు పైకి ప్రాకుట కనబడును. “ఇంటికడనే కనబడుదానికొఱకు అంతదూర మేల?” అని పలువురు నన్నడుగుదురు. ఇంటికడ కనబడునది మూగదీపము. కాంతి క్షణములో వచ్చును. ధ్వని కిలోమీటరునకు మూడేసి సెకనులు తీసికొనుచు త్రోవలోనే సన్నగిల్లును. దగ్గఱనుండి చూచువానికి ముందు వెలుగు, కొంత తడవునకు ఉఱుము, దానితో ఱొమ్మున కంపము తెలియును. అందువలననే పోవలెనందును.

అక్కడ 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో ప్రయోగములు మొదలైనవి. సామాన్యజనులు లోపలి ప్రేక్షకశాలలో కూర్చుండి చూచు వీలు మాత్రము 2019 ఏప్రిల్ 1వ తేదీన కలిగినది. ఐదువేలమంది కూర్చుండుటకై ఆ శాల కట్టిరి. ఇస్రోవారి వెబ్‌సైటులో ముందుగా పేరు నమోదు చేయించుకొనవలెను. ఈ పని మనుమల కప్పగించుట మేలు; వారి వ్రేళ్లు మన వ్రేళ్లకంటె చుఱుకైనవి. నమోదుచేసిన గుర్తింపుకార్డునే వెంట తీసికొనిపోవలెను.

గూడూరినుండి సూళ్లూరుపేటకు రైలుమార్గమున సుమారు 55 కిలోమీటర్లు, నడుమ నాయుడుపేట. సూళ్లూరుపేటలో చెంగాళమ్మను దర్శించుకొని, పులికాటు సరస్సుమీది కట్టబాటను పోవలెను. శీతకాలమైనచో నీటిలో రాజహంసలు బారులుతీరి యుండును, పిల్లలకు చూపుడు. ప్రయోగము తెల్లవాఱుజామున నున్నచో ముందునాటి సాయంకాలమే సూళ్లూరుపేట చేరుట మంచిది. మంచినీరు, గొడుగు, పులిహోర, వేళకు వేసికొను మందులు చాలును. దుర్భిణి యున్నవారికి ఒక హెచ్చరిక. రాకెట్టు సముద్రము మీదికి, అనగా తూర్పు ఆగ్నేయములకు పోవును. ఉదయమున సూర్యుడును ఆ వైపుననే యుండును. పొరపాటున దుర్భిణి సూర్యునిపై పడెనా, కన్ను పోవును.

“దీనికి ముహూర్త మెవరు పెట్టుదురు?” అని మా పెద్ద లడుగుదురు. నవ్వదగిన ప్రశ్న కాదిది. ఉపగ్రహము తిరుగవలసిన కక్ష్యకు ఒక తలము కలదు. భూమి తిరుగుచుండగా ప్రయోగస్థలము ఆ తలము క్రిందికి వచ్చు సమయమును లెక్కించి నిర్ణయింతురు. లగ్నములు మాఱుటకును ఆ భూభ్రమణమే కారణము గనుక, పంచాంగ మెఱిగినవారికి ఈ మాట సులువుగ నర్థమగును. అయితే లెక్క సరియైనను యంత్రము సిద్ధముగా నుండవలెను గదా! చంద్రయాన్-2ను 2019 జూలై 15వ తేదీ తెల్లవాఱుజామున 2 గంటల 51 నిమిషములకు ఎగురవేయవలసి యుండగా, ఇంక 56 నిమిషములున్న దనగా ఆపివేసిరి. చూడవచ్చినవారు వట్టిచేతులతో మరలిరి. అది అపశకునమని కొంద ఱనిరి. నా మతమున, శస్త్రము చేతబట్టిన వైద్యుడు రోగి నాడి చూచి ఆగుట యెట్టిదో, ఇదియు నట్టిది. 22వ తేదీ మధ్యాహ్నము ఆ రాకెట్టే నిరపాయముగా లేచెను.

కావున ఎగురకముందు ఓర్పు కావలెను. ఎగిరిన తరువాత అంతకంటె నెక్కువ ఓర్పు కావలెను. దీనినే మనవారు మఱతురు. పి.ఎస్.ఎల్.వి. అను రాకెట్టు 44 మీటర్ల యెత్తు, సుమారు 320 టన్నుల బరువు. అంతటిదియు రెండు మూడు నిమిషములలో కంటికి మఱుగగును. వెంటనే జనులు లేచి చెప్పులు వెదకికొందురు. ఉపగ్రహము కక్ష్యలో విడువబడుటకు సాధారణముగా ఇంకను పావుగంట పట్టును. 2025 మే 18వ తేదీన పి.ఎస్.ఎల్.వి.-సి61 లేచినప్పుడు మొదటి రెండంచెలును చక్కగా పనిచేసినవి. కంటికి కనబడినంతవఱకు కొఱత లేదు. మూడవ యంచెలో లోపము కలిగి ఉపగ్రహము కక్ష్య చేరలేదు. మంట మఱుగైనంతనే లేచిపోయినవాడు ఊరికి వచ్చి జయమైనదని చెప్పును. అది అసత్యమగును గదా.

“ఏమైనది తాతా?” అని పిల్ల లడుగుదురు. దాచవలదు. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతమున పడినదనియు, 1980 జూలై 18వ తేదీన అట్టిదే మఱియొకటి రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినదనియు చెప్పుడు. ఆ నడిమి పదునొకండు మాసములు అబ్దుల్ కలాంగారును, వారి సహచరులును లోపమును వెదకి దిద్దుకొనిరనియు చెప్పుడు.

ధ్వనివర్ధకములో, మంచిదైనను చెడ్డదైనను, ఆ కడపటి మాట విన్న తరువాతనే పులిహోర పొట్లము విప్పవలెనని మా మనుమలకు నేను పెట్టిన నియమము.