కరిష్మా, అస్తిత్వం, ఓటు
(ప్రసంగ పాఠం)



జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అధికారానికి మూడు ఆధారాలు చూపాడు: సంప్రదాయం, చట్టం, ఒక వ్యక్తిలోని అసాధారణ శక్తిపై జనానికి గల విశ్వాసం. ఈ మూడవదానినే ఆయన ‘కరిష్మా’ అన్నాడు. ఆయన దృష్టిలో అది అనుచరులు గుర్తించినంత కాలమే నిలుస్తుంది. ఈ రెండవ మాటను మన రాజకీయ వ్యాఖ్యాతలు సాధారణంగా మరచిపోతారు.

ఎన్.టి. రామారావుగారి సంగతే తీసుకోండి. 1982 మార్చి 29న పార్టీ స్థాపించారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. తెరపై రాముడిగా, కృష్ణుడిగా చూసిన జనం దేవుడనుకొని ఓటు వేశారని నేటికీ చెబుతుంటారు. ఇది జనాన్ని చిన్నచూపు చూసే వాదన. దేవుడే అయితే 1989లో కల్వకుర్తి ఓటర్లు ఆయనను ఎలా ఓడించారు? పరిశోధకుడు ఎం. మాధవప్రసాద్ ఈ భక్తి వాదంతో తృప్తిపడలేదు. దక్షిణాది తారలు భాషా అస్తిత్వానికి ప్రతినిధులుగా నిలిచిన తీరును చర్చించాడు. అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ మార్చిన కాలమది. ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అన్న నినాదానికి, రెండు రూపాయల కిలో బియ్యానికి జనం స్పందించారు.

అయితే ఆ ‘తెలుగువారి’లో ఇంట ఉర్దూ మాట్లాడే కడప ముస్లిం ఎక్కడ నిలిచాడు? తరతరాలుగా తెలుగే మాట్లాడే దూదేకుల సోదరుడు ఎక్కడ నిలిచాడు? భాషను బట్టి ఒకరు దూరమైతే, మతాన్ని బట్టి మరొకరు దూరమయ్యే ప్రమాదం ఉంది. మనల్ని ఒకే ముద్దగా, ‘ముస్లిం ఓటు బ్యాంకు’గా లెక్కించడం పార్టీలకు సులభం. చట్టం మాత్రం అలా చూడలేదు. దూదేకులవారు బి.సి.-బిలో ఉన్నారు. 2007 నాటి 4 శాతం రిజర్వేషన్ చట్టం 14 వర్గాలను బి.సి.-ఇలో చేర్చి, సయ్యద్, మొఘల్, పఠాన్ తదితరులను మినహాయించింది. ఇఫ్తార్ విందులో టోపీ ధరించి ఫోటో దిగే నాయకునికి ఈ తేడాలు తెలుసునా అని నాకు అనుమానమే.

ఆ చట్టం తెచ్చిన రాజశేఖరరెడ్డిగారికీ కరిష్మా ఉండేది. ఆయన 2009 సెప్టెంబరులో మరణించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు చట్టాన్ని కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది అందుకు ఒక కారణం. ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ కొనసాగడానికి వీలు కల్పించి, వ్యాజ్యాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. మన పిల్లల సీట్లు ఏ నాయకుని ముఖవర్చస్సుపైనా ఆధారపడి నిలవలేదని దీనివల్ల తెలుస్తున్నది.

న్యాయస్థానం అడిగేది లెక్కలు. మీ మొహల్లాలో పదవ తరగతితో బడి మానిన ఆడపిల్లలెందరు? సైకిల్ రిపేరు, పండ్ల బండి, మటన్ దుకాణాలపై బ్రతికే కుటుంబాలెన్ని? బి.సి.-ఇ ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసి తిరుగుతున్నవారెందరు? ఈసారి అభ్యర్థి మీ గడపకు వచ్చినప్పుడు శాలువాకు బదులు ఈ పట్టిక ఆయన చేతిలో పెట్టండి. ప్రతి మస్జిద్ కమిటీ తన పరిధిలోని ఇళ్ల వివరాలు రంజాన్‌కు ముందే సేకరించాలని ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను.