గంటమ్రోఁతకుఁ జెవులు మూసికొను బాలుఁడు

గ్రామవృద్ధులారా!

నా పాఠశాలలో నొక బాలుఁడు గంట మ్రోగినప్పుడెల్లఁ జెవులు మూసికొని రోదించెడివాఁడు. పేరు పెట్టి పిలిచినఁ బలుకఁడు. అవిధేయుఁడని తలఁచి వానిని బెత్తముతో దండించితిని. నాకు సామాన్యమైన గంట వాని చెవికిఁ బిడుగని యెఱుఁగనైతిని. వాఁడు మరల బడికి రాలేదు.

1943లో లియో కానర్ అను వైద్యుఁడు 11 మంది పిల్లలఁ బరిశీలించి వర్ణించిన యీ స్థితికి ఆటిజమని పేరు. ఇది పెంపకపు లోపము గాదు, పూర్వజన్మపాపమును గాదు.

ఇట్టివానికి నిత్యము నొకే చోటు, దినచర్యఁ దెలుపు బొమ్మలపట్టిక, చిన్న వాక్యములు, నెమ్మదియైన తోడు మేలొనర్చును. గంట కొట్టుటకు ముందు వానికిఁ జెప్పవలయును.

ప్రభుత్వపు గుర్తింపు గల పాఠశాల యిట్టివారిని భేదము లేక చేర్చుకొనవలయునని 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము శాసించుచున్నది. కావున “వీఁడు బడికిఁ దగఁడు” అని యెవ్వరైన ననినచో, పెద్దలగు మీరు అడ్డుపడవలయును.