శ్రీశైల పాదయాత్ర



శ్రీశైలమునకు నేడు మోటారు మార్గములున్నవి. అయినను ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు వందలాది కిలోమీటర్లు కాలినడకన వత్తురు. భ్రమరాంబను వారు తమ యింటి ఆడపడుచుగా భావింతురు. చీరె సారెలు మోసికొనివచ్చు పుట్టింటివారికి దూరము భారము కాదు.

ఆత్మకూరు చెంత వెంకటాపురము దాటినపిదప నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నల్లమలలో త్రోవ సాగును. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. రాతిమెట్లు రాజులు కట్టింపగలరు. ఎండవేళ బాటసారులకు నీరు పోయువారు మాత్రము దారిలోని గ్రామస్థులే.

పండుగ ముగిసినంతనే ఆ త్రోవ మరల నిశ్శబ్దమగును. అది పెద్దపులుల అభయారణ్యము. కొలనులోని నీరు మనుష్యులకెంతయో మృగములకు నంతే. దానిని మలినపరుపక దాటిపోవుటయు యాత్రలో భాగమే. ఆడపడుచు వాకిటిలో చెత్త విడిచిపోవు పుట్టింటివారుందురా?