రాచకొండ: సున్నం లేని గోడలు



ఇబ్రహీంపట్నంలో కోట గురించి మాట్లాడమంటే ఎవరి చూపైనా ముందు గోలకొండ మీదికే పోతుంది. మన ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా అక్కడి పాదుషా, మన పెద్దచెరువు ఆయన కాలం నాటిది. కానీ ఏ మాస్టారి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆయన పిల్లలను తీసుకుపోయింది తూర్పుకు, మంచాల అవతలి గుట్టల్లోకి. నేనూ అటే పోతాను. 2016లో పోలీసు కమిషనరేట్‌కు పెట్టాక రాచకొండ పేరును జీపుల మీద చదవనివారు లేరు. కోటను చూసినవారు చేతులెత్తండని మాత్రం అడగను లెండి!

1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల కొలువులో సేనానులుగా ఎదిగిన రేచర్ల పద్మనాయకులు ఆమనగల్లు నుంచి సొంత రాజ్యం కట్టుకున్నారు. 1361లో జల్లిపల్లి ముట్టడి వేళ వారి పాలకుడు సింగమనాయకుడు హతుడయ్యాడు. కొడుకు అనపోతానాయకుడు రాజధానిని రాచకొండకు మార్చి కోటను పటిష్ఠం చేశాడు. మైదానంలో ఉన్న అంతటి ఓరుగల్లుకు ఏ గతి పట్టిందో తెలిసిన తరం అది. గుట్టలను నమ్ముకోవడంలో ఆశ్చర్యం లేదు. 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర అనపోతానాయకుడు ఓరుగల్లు పాలకుడు కాపయనాయకుణ్ణి ఓడించి, ఆంధ్రదేశాధీశ్వరుడనే బిరుదు ధరించాడు.

ఇక కోట కట్టడం. నన్నడిగితే చూడవలసింది గోడ కంటే ముందు గోడలోని సందులనే. చెక్కిన పెద్ద పెద్ద బండలు, ఏ రెండూ ఒక కొలతలో ఉండవు. ఒకదాని వంపులో ఇంకొకటి ఒదిగి కూర్చుంటుంది. నడుమ సున్నం లేదు, మట్టి లేదు. బరువే బండను పట్టి ఉంచుతుంది. దర్వాజల దగ్గర కమాను కనిపించదు. నిలువునా ఏకశిలా స్తంభాలు, వాటిపై అడ్డంగా ఒకే రాతి దూలం, అంతే. గుళ్లు కట్టిన చేతులే కోటనూ కట్టాయనిపిస్తుంది. కింది కోట, పై కోట. గోడ కట్టనక్కరలేని చోట కొండే గోడ.

దీని పక్కన ఫ్రాన్సులోని షాతో గైయార్‌ను పెట్టి చూడండి. సేన్ నది ఒడ్డున సున్నపురాతి గుట్టమీద, 1196-98 మధ్య, ఇంగ్లండు రాజు రిచర్డ్ నార్మండీ సరిహద్దుకు తాళం వేసినట్టు కట్టించాడు. లోపలి ప్రాకారం బయటి ముఖమంతా అర్ధవృత్తాలుగా ఉబ్బి ఉంటుంది. నాటి నిర్మాణశాస్త్రంలో అది కొత్త ఎత్తుగడ. అయినా 1204 మార్చిలో ఫ్రాన్సు రాజు ఫిలిప్ ఆ కోటను పట్టేశాడు. పునాదుల కింద తవ్వి గోడలు కూల్చారు. అంతకన్నా దారుణం మరొకటి జరిగింది. కింది ఊరి జనం కోటలో తలదాచుకుంటే, తిండి చాలదని కోటపాలకుడు వాళ్లను బయటికి గెంటాడు. మొదట కొందరిని వదిలిన ఫిలిప్ సేన తర్వాత దారి మూసేసింది. చలికాలమంతా రెండు సేనల నడుమ ఆ ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఆకలికి మలమల మాడిపోయారు.

గైయార్ సైనికుల కోట, రాచకొండ జనం బతికిన రాజధాని. రేచర్ల వంశపు మాదానాయకుని భార్య నాగాంబిక రాచకొండ దాపున నాగసముద్రం తవ్వించింది. అనపోతసముద్రం, రాయసముద్రం ఆ వంశపు కాలంలోవే. ఈ చెరువులను పక్కనపెట్టి బురుజులను లెక్కపెట్టే చరిత్ర నాకు సగం చరిత్రగానే తోస్తుంది. సర్వజ్ఞ సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’ అనే నాట్యలక్షణ గ్రంథం రచించింది ఈ గుట్టల రాజ్యాన్ని ఏలుతూనే. పోతన భాగవతాన్ని రాచకొండ రాజు పాతిపెట్టించాడన్న కథ మనవాళ్లకు ఆ గ్రంథం కంటే బాగా తెలుసు. కథకున్న కాళ్లు శాస్త్రానికి ఉండవు మరి. పదిహేనో శతాబ్దం నడిమికి వచ్చేసరికి కోట బహమనీల వశమైంది.

గైయార్‌కూ దిక్కులేని రోజులు లేకపోలేదు. 1599లో నాలుగో హెన్రీ దాన్ని కూల్చమన్నాడు, రాళ్లను ఇతర కట్టడాలకు మోసుకుపోయారు. కానీ 1862లోనే ఫ్రాన్సు ప్రభుత్వం ఆ శిథిలాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. రాచకొండకు గుప్తనిధుల వేటగాళ్ల బెడద తప్పలేదు. సున్నంతో కట్టిన గోడలో ఒక రాయి ఊడితే గంత పడుతుంది. సున్నం లేని గోడలో ఒక బండను కదిలిస్తే పైనున్నవన్నీ దిగజారతాయి. పాతరల కోసం గడ్డపార వేసేవాడికి ఆ సంగతి తెలియదు, తెలిసినా పట్టదు.

విద్యార్థులకు ఒక మాట. చలికాలంలో పొండి, నీళ్లు వెంట తీసుకుపొండి. దర్వాజ కింద నిలబడి దూలాన్ని కొలవండి, సందులను ఫొటోలు తీయండి, ఏ బండ ఎక్కడుందో కాగితం మీద గీసుకోండి. ఎక్కడైనా కొత్తగా తవ్విన గుంత కనబడితే ఊరివాళ్లకు, పురావస్తు శాఖకు ఆ రోజే చెప్పండి.