కంపవాతము – గంజాయి

చేయి ఒడిలో ఊరకుండగా వణకుట, అడుగులు చిన్నవగుట, దేహము బిగియుట కంపవాత లక్షణములు. దీనిని 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను వర్ణించెను.

“గంజాయి త్రాగిన వణకు నిలుచునా?” యని కొందరడుగుదురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1888లో గవర్సు అను ఆంగ్ల వైద్యుడు తన గ్రంథమున ఈ వణకునకు వాడదగిన మందులలో గంజాయిని పేర్కొనెను. అయినను ఇటీవలి పరీక్షలలో ఆ గుణము స్థిరపడలేదు. ముదిసినవారికి దానివలన తల తిరుగుట, లేచినపుడు రక్తపుపోటు పడిపోవుట, మనస్సు తడబడుట కలుగవచ్చును. అసలే తూలి నడచువాడు పడి తుంటియెముక విరుగగొట్టుకొనిన, ఉపశమన మెక్కడ?

మెదడులో డోపమైను అను ద్రవ్యము తరుగుటవలన ఈ కదలికలు చెడుచున్నవి. ఆ లోటును తీర్చు ముఖ్యౌషధము లీవోడోపా. గంజాయిని నమ్మి ఆ మందును హఠాత్తుగా మానుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. పైగా 1985 నాటి చట్టముచే అనుమతి లేక గంజాయి నుంచుకొనుట నేరము.

ఇదివరకే వాడుచున్నవారు వైద్యునికి దాచక చెప్పవలెను. మీ యింట వణకు చేతిని చూచినపుడు, ఆ చేతికి గంజాయి గొట్టము నీయక, దానిని పట్టుకొని వైద్యునియొద్దకు నడిపింపుడు.