మాలగాలో కాపురము

స్పెయిన్ దేశపు దక్షిణ తీరమున, మధ్యధరా సముద్రపు టొడ్డున నున్న మాలగా పట్టణములో కాపురము పెట్టబోవువారు మొట్టమొదట పోవలసినది పురపాలక కార్యాలయమునకు. అద్దె ఒడంబడికయు పాస్‌పోర్టును చూపి, ‘పద్రోన్’ అను నివాసుల పట్టికలో పేరు వ్రాయించుకొనవలెను. పిల్లలను బడిలో చేర్చుటకును, ప్రభుత్వ వైద్యశాలలో నమోదగుటకును అడిగెడి కాగిత మదియే. మరల చెప్పుచున్నాను: ముందు పద్రోన్, తరువాతనే సముద్రస్నానము. దీర్ఘకాల వీసాపై వచ్చిన మనవారు, అడుగిడిన నెల లోపల, వ్రేలిముద్ర లిచ్చి నివాసపు కార్డునకు దరఖాస్తు పెట్టుకొనవలెను.

ఇక దినచర్య. మధ్యాహ్నము రెండు గంటల వేళ చిన్న అంగళ్లు మూతపడి, అయిదింటికి గాని తెరవబడవు. రాత్రి భోజనమునకు తొమ్మిది కావలసినదే. ఏడింటికే ఆకలిగొని హోటలునకు పోయినచో మూసిన వంటశాల దర్శన మిచ్చును.

ఎండల సీమయే గదా యని ఉన్నిబట్టలు ఇంట విడిచి పోరాదు సుమా! అచ్చటి యిండ్లు వేసవి తాపము నోర్చుటకు కట్టినవి; నేలయంతయు చల్లని పలకలు, పెక్కు గృహములలో హీటర్ల యేర్పాటే యుండదు. జనవరి మాసమున వీధికన్న గదిలోనే చలి యెక్కువయని తోచును. అందుచేత పాత కాపురస్థులు గుండ్రని మేజా క్రింద ‘బ్రసేరో’ అను విద్యుత్ కుంపటి నుంచి, పైన నేలదాక దళసరి గుడ్డ కప్పి, దాని లోపలికి కాళ్లు చాచి, గంటల తరబడి కబుర్లు చెప్పుకొందురు. అద్దెయిల్లు చూచునప్పుడు దక్షిణమునకు కిటికీ యున్నదో లేదో తప్పక విచారింపుడు. శీతకాలపు టెండ గదిలోనికి వచ్చునది ఆ వైపునుండియే.